విమానమెక్కిన నా అల్లిక సంచి

రెండు వేల ఇరవై అయిదో సంవత్సరం, నవంబరు నెల ఇరవయ్యో తేదీ, గురువారం నాడు, రంగారెడ్డి జిల్లా మామిడిపల్లి నివాసి, కీర్తిశేషులు అనంతయ్య భార్య కొండమ్మ అనే నేను, వయసు అరవై ఏడు, వృత్తి ఒకప్పుడు వ్యవసాయం, ఇప్పుడు ఊలు అల్లిక, నా మనసు నా స్వాధీనంలో ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తర్వాత నా వస్తువులు ఎవరెవరికి చెందాలో తెలుపుతూ రాయించిన వీలునామా ఇది.

దస్తావేజు రాస్తున్న శ్రావణ్‌కుమార్ ఇక్కడ ‘సంపూర్ణ ఆరోగ్యంతో’ అని ఒక మాట వేయబోయాడు. కొట్టేయించాను. మోకాళ్ళు రెండూ పోయినదాన్ని, అబద్ధంతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంకో సంగతి కూడా రాయమన్నాను. నేను కోపంగా ఉన్నాను. కోపంగా ఉన్నవాళ్ళ వీలునామా చెల్లుతుందా అని అడిగాను. పిచ్చి ఉంటే చెల్లదుగానీ కోపానికి అడ్డం లేదన్నాడు. కాబట్టి చెల్లుతుంది.

ఇల్లు ఎవరికి పోతుందో అందరికీ తెలుసు. దానికి ఇంత హైరానా అక్కర్లేదు. ఈ కాగితం రాయిస్తున్నది ఒక సంచి కోసం. నా చేతుల్తో, ఒక్కొక్క పుల్లా పోగేసి తయారు చేసుకున్న, అల్లిక సామాను పెట్టుకునే సంచి. దాన్ని నా సొంత చెల్లెలు, బడంగ్‌పేట్ నివాసి సక్కుబాయి, ఢిల్లీ తీసుకుపోయి, అంతమంది ముందు స్టేజీ మీద నిలబడి, తానే తయారు చేశానని చెప్పుకుంది. నన్ను మోసం చేసింది. శ్రావణ్‌కుమార్ ఈ చోట ‘మనస్పర్థల కారణంగా’ అని రాస్తానన్నాడు. మనస్పర్థలు ఇద్దరికీ ఉంటాయి. నాకు ఏ స్పర్థా లేదు, నేను ఇంట్లో కూర్చుని దాని ఫోను కోసం ఎదురుచూస్తున్నాను. మోసం అనే రాయమన్నాను.

1. సదరు సంచి ఎట్లా పుట్టిందో ముందు రికార్డులో ఉండాలి.

పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో, పహాడీ షరీఫ్ గుట్ట కింద ఉండే ఖాలమ్మ నాకు క్రోషియా నేర్పింది. ఆమె నమాజు టోపీలు అల్లేది. ఆమె దగ్గరే సలాయిల మీద, అంటే పొడుగు అల్లిక పుల్లల మీద, స్వెట్టరు అల్లడం కూడా నేర్చుకున్నాను. సలాయిలు కొనే స్తోమత లేక పాత సైకిల్ పుల్లలు రాయి మీద అరగదీసి వాడుకున్నాను. నేను నేర్చుకున్నదంతా సక్కుబాయికి నేర్పాను. నా చెయ్యి బిగువు, దాని చెయ్యి వదులు. ఒకే నమూనా ఇద్దరం అల్లితే దానిది వెడల్పుగా వచ్చేది. అందుకే దానికి ఎప్పుడూ నా వాటికంటే ఒక నంబరు సన్న సలాయిలు ఇచ్చేదాన్ని. అప్పుడు రెండూ సరిపోయేవి. మా ఇద్దరి అల్లికనూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఖాలమ్మ కూడా చెప్పలేకపోయేది.

చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు. దవాఖానలో చీటీ పట్టుకుని కూర్చున్నా, రేషన్ దుకాణం ముందు నిలబడ్డా, శంషాబాద్ బస్సులో ఉన్నా ఏదో ఒకటి అల్లుతూ ఉండాలి. సలాయిలు కొంగులో దోపుకుంటే పక్కవాళ్ళకు గుచ్చుకునేవి. ఊలుండ జారి బస్సు సీట్ల కింద దొర్లేది, కండక్టరు తిట్టేవాడు. అట్లా తిట్లు తింటూ తింటూ, ఒక్కో తిట్టుకు ఒక్కో ఉపాయం కనిపెడుతూ తయారైంది ఆ సంచి.

మా డాబా మీద నుంచి విమానాలు చక్రాలు కనిపించేంత కిందుగా పోతాయి. తల ఎత్తి చూడటం ఎప్పుడో మానేశాం. ఒకనాడు అక్కడ కూర్చుని అల్లుతుండగా సక్కుబాయే అంది, “అక్కా, అందరు మన నెత్తి మీదికెల్లే పోతున్నరు. మనం గూడ ఒక్కసారి ఎక్కుదాం. కాశీకి పోదాం.” ఆ మాట నేను అనలేదు, అది అంది. ఆరోజు నుంచి నేను సంచిని విమానానికి పనికొచ్చేట్టు మళ్ళీ మార్చడం మొదలుపెట్టాను. సక్కుబాయి కూతురు సరిత విమానాశ్రయంలో వీల్‌చైర్లు తోసే పనిలో ఉంది. ఏవి తీసుకుపోనిస్తారో, ఏవి పక్కన పెట్టిస్తారో అడిగి తెలుసుకుని నాకు చెప్పేది. “పెద్దమ్మా, ఆ ఇనుప పుల్లలు చూస్తే ఆపుతరేమో, ఎందుకచ్చిన పరేషాన్, కట్టెవి తీస్కో” అంది. వెదురువి సంపాదించాను. కాశీలో చలికి ఇద్దరికీ కలిపి ఒక దుప్పటి కూడా మొదలుపెట్టాం. సగం నేను ఇక్కడ, సగం అది బడంగ్‌పేట్‌లో. నడుమ కుట్టు విమానంలో కూర్చుని కలపాలని అనుకున్నాం.

2. జరిగిన మోసం.

పోయిన చలికాలంలో ఢిల్లీ హస్తకళల ప్రదర్శన వాళ్ళు మా మహిళా సంఘానికి వచ్చారు. తోరణాలు, స్వెట్టర్లు చూసి ఊరుకున్నారు. సంచి చూసి ఆగిపోయారు. ఇది తయారు చేసినావిడ ఢిల్లీ వచ్చి అందరికీ చూపించాలి, విమానం టికెట్టు మేమే పంపిస్తాం, తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు అన్నారు. ఈ మాట నాతో అనలేదు, ఢిల్లీ పోయాక ఫోనులో అన్నారు. నా ఫోను ఎప్పుడూ బియ్యం డబ్బా మీద పడి ఉంటుంది కదా అని సంఘంలో సక్కుబాయి నంబరు ఇచ్చారు. దానికి ఫోను చేసి చెప్పారు.

సక్కుబాయి వాళ్ళకు చెప్పిన జవాబు నాకు తర్వాత తెలిసింది. “అక్కకు గుండె మంచిగ లేదు సార్. విమానం ఎక్కలేదు. నేనస్త.” నా గుండెకు ఆనాటి దాకా ఏ జబ్బూ లేదు.

తర్వాత మా ఇంటికొచ్చి, ఛాయి తాగి, “అక్కా, బడంగ్‌పేట్ల మా గల్లీ ఆడోళ్లకు చూపించి తెస్త, జర సంచి ఇయ్యి” అంది. ఇచ్చాను. చిన్న కత్తెర జాగ్రత్త అని కూడా చెప్పాను.

మోసాన్ని నేను చూసింది ఫోనులో. సంఘం గ్రూపులో వీడియో వచ్చిందని నా కోడలు కళ్యాణి సంబరంగా తెచ్చి చూపించింది. దానికీ ఏమీ తెలియదు. స్టేజీ మీద నా చెల్లెలు, కొత్త చీర కట్టుకుని, నా సంచి విప్పి పట్టుకుని, “గిది నేనే తయారు చేసిన” అంటోంది. చప్పట్లు కొడుతున్నారు. తర్వాత ఒక్కో వస్తువూ తీసి చూపించింది. అన్నీ సరిగ్గానే చెప్పింది, నేను నేర్పినవే కదా. చివర ఎర్రతాడు చేతిలోకి తీసుకుంది. ముడులున్న తాడు. కాసేపు ఆగి, “గిది దిష్టి తాడు” అంది.

అది దిష్టి తాడు కాదు. పసిపిల్లల ఛాతీ కొలతల తాడు. మా ఇంట పుట్టిన ప్రతి బిడ్డకూ ఛాతీ చుట్టూ ఆ తాడు పెట్టి, కొలత ఎక్కడికొస్తే అక్కడ ముడి వేశాను. కొస దగ్గర, అన్నిటికంటే దగ్గరగా ఉన్న మొదటి ముడి ఎవరిదో సక్కుబాయికి తెలియాలి. ఏడో నెలలో పుట్టిన దాని సొంత కూతురు సరితది. దవాఖానవాళ్ళు ఆశ వదులుకోమంటే, సక్కుబాయి గోడవైపు తిరిగి పడుకుంటే, నేను ఆ తాడుతో కొలిచి, పిడికిలంత తలకు టోపీ, అరచేయంత స్వెట్టరు అల్లి తొడిగి, నా పొట్టకు కట్టుకుని వెచ్చగా ఉంచాను. ఆ ముడిని పట్టుకుని దిష్టి తాడు అంది.

సంచి తనదంది, సరే. నా గుండెకు జబ్బంది, అదీ సరే. ఆ ముడి మర్చిపోయింది చూడండి, అక్కడ నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఎంత ఆలోచించినా ఇంకో సంగతి కూడా మింగుడు పడదు. తోడుగా ఒకరు రావచ్చన్నారు. ఇద్దరికీ చోటుంది. అయినా ఒక్కతే పోయింది. పుట్టినప్పటి నుంచీ కొండమ్మ చెల్లెలు అని పిలిపించుకుంది, అక్కడైనా సక్కుబాయి అనిపించుకుందామనుకుందేమో. అనిపించుకుంటే నేను కాదనేదాన్నా?

3. మామిడిపల్లిలో నా భర్త నా పేర రాసిచ్చిన ఇల్లు, డాబా, ముందున్న జాగా, జామచెట్టుతో సహా నా కొడుకు జగదీశ్‌కు చెందాలి. ఇందులో మార్పు లేదు. అయితే నా కొడుకు గురించి కూడా ఒక మాట రాసి ఉంచాలి. జగదీశ్ విమానాశ్రయానికి కారు నడుపుతాడు. ఆరోజు సక్కుబాయిని బడంగ్‌పేట్‌లో ఎక్కించుకుని విమానాశ్రయంలో దింపింది వీడే. నా సంచి వీడి కారు వెనక సీట్లో కూర్చుని పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, నేను వడ్డించిన అన్నం తింటూ, “ఇయ్యాల మంచి సవారీ దొరికిందమ్మా” అన్నాడు. తర్వాత నిలదీస్తే “చిన్నమ్మ ఒట్టు పెట్టించుకున్నది, నేనేం జెయ్యాలె” అని తల వంచుకున్నాడు. చిన్నమ్మ ఒట్టుకు ఉన్న విలువ అమ్మ ముఖానికి లేకపోయింది.

కనుక ఇంటితో పాటు, వాడి కోసం నేను అల్లుతూ ఆ వీడియో చూసిన రోజు ఆపేసిన నీలం స్వెట్టరు కూడా, ఒక చెయ్యి మాత్రమే ఉన్నది ఉన్నట్టుగా, వాడికే ఇస్తున్నాను. రెండో చెయ్యి అల్లమని కళ్యాణిని ఎవరూ బలవంతపెట్టరాదు. చలికాలం ఒక చెయ్యి బయట పెట్టుకుని కారు నడిపితే వాడికి అమ్మ గుర్తొస్తుంది.

4. నా కోడలు కళ్యాణికి నా చెక్క బీరువా, అందులోని ఊలంతా, దర్వాజా మీది ముత్యాల తోరణం, ఖాలమ్మ నాకిచ్చిన ఉక్కు క్రోషియా చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. ఆ వీడియో చూసి నాకంటే ముందు ఏడ్చింది. మా ఇంట్లో నాతో ఒట్లూ దాపరికాలూ లేని మనిషి ఆమె ఒక్కతే.

5. సంచి తయారు చేసే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. దాన్ని మా మహిళా సంఘానికి, సంఘం పెద్ద కవిత ద్వారా, ఊరి ఆడవాళ్ళందరికీ ఇస్తున్నాను. ఎవరైనా చేసుకోవచ్చు. ఎవరికైనా నేర్పవచ్చు. పద్ధతి ఇది.

పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి తీసుకుని నిలువునా కోసి పరచాలి. నేను వాడింది జగదీశ్‌ది. లోపలివైపు సన్న అరలు వరసగా కుట్టాలి, ఒక్కో అరలో ఒక్కో సైజు సలాయిల జత. అర అడుగున రెండో పొర వేయకపోతే మొనలు బట్టను తినేస్తాయి. మొనలకు తెగిపోయిన హవాయి చెప్పు రబ్బరు ముక్కలు గుచ్చితే ఎవరికీ గుచ్చుకోవు, అల్లిన కుట్లు కూడా జారిపోవు. పాత టూత్‌బ్రష్ కాడను దీపం సెగకు వంచి, అరగదీసి, కొక్కెం చేసుకుంటే తేలికపాటి క్రోషియా అవుతుంది. ఇనుపది కాదు కనుక ఎవరూ ఆపరు.

ఊలుండకు మిఠాయి ప్లాస్టిక్ డబ్బా మంచిది. మూతకు నడుమ బెజ్జం పెట్టి, అంచులు కాల్చి నున్నగా చేసి, అందులోంచి పోగు లాగాలి. ఉండ ఇక ఎక్కడికీ దొర్లదు. కుట్లు గుర్తు పెట్టుకోవడానికి జాతరలో అమ్మే పిల్లల చెవిరింగులు చాలు. ఒకటి పోయి ఒకటి మిగిలినవి ప్రతి ఇంట్లో ఉంటాయి, అవి వాడండి. కత్తెర బడిపిల్లలది, మొన గుండ్రంగా ఉన్నది. మొద్దు మొన దబ్బనం ఒకటి, కుట్లు కలపడానికి. అది లేకపోతే అల్లినవి ముక్కలుగానే ఉండిపోతాయి. పిన్నీసులు అమృతాంజనం డబ్బాలో. అన్నీ సర్దాక చాపలా చుట్టి, లంగా నాడాతో కట్టాలి. నాడా పొడుగ్గా ఉంచండి, భుజానికి తగిలించుకోవచ్చు.

కొలతల తాడు మాత్రం నా తాడు చూసి చేసుకోవద్దు. ఎవరింటి పిల్లలను బట్టి వాళ్ళు ముడులు వేసుకోవాలి.

6. సక్కుబాయి తిరిగొచ్చాక సంచిని జగదీశ్ చేతికిచ్చి పంపింది. తాను గడప తొక్కలేదు, ఈనాటికీ తొక్కలేదు. సంచిలో ఢిల్లీలో కొన్న మెత్తటి తెల్ల ఊలుండ ఒకటి పెట్టి పంపింది. నేను ముట్టలేదు. సదరు ఊలును పక్కింటి రేణుకమ్మ పిల్లికి ఇస్తున్నాను. అది పిల్లలు పెట్టినప్పుడు పరుచుకోవచ్చు.

7. సరితకు, ఆమె పుట్టినప్పుడు అల్లిన టోపీ, నా మొదటి సైకిల్ పుల్లలు చెందాలి. ఆమె తప్పు ఇందులో లేదు. ఆరోజు డ్యూటీలో తల్లినీ, సంచినీ చూసి అడిగితే “అక్కనే పంపింది” అని సక్కుబాయి చెప్పింది, నమ్మింది. అసలు సంగతి తెలిశాక మా ఇంటికొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని, “పెద్దమ్మా, నన్ను గూడ మోసం జేసింది” అని ఏడ్చింది.

8. ఇక సంచి.

శ్రావణ్‌కుమార్ మొన్న ఒక మాట చెప్పాడు. “పెద్దమ్మా, సాక్షి సంతకం పెట్టేటోళ్లకు వీలునామాల ఏం రాకుంటెనే మంచిది. రేపు పేచీ ఉండది.” ఆ మాట పట్టుకుని నేను ఈ అంశం రాయిస్తున్నాను.

ఈరోజు సరితతో కబురు పంపించాను. సక్కుబాయి రావాలి. ఈ కాగితం మొదటి మాట నుంచి అందరి ముందు చదివి వినిపిస్తారు. రెండో సాక్షి సంతకం పెట్టే చోటు దాని కోసం ఖాళీగా ఉంచాను.

సక్కుబాయి సంతకం పెట్టకపోతే, సంచి, సలాయిలు, డబ్బా, తాడు, సర్వహక్కులతో దానికే చెందుతాయి. స్టేజీ మీద అన్న మాట నిజమైపోతుంది. నేను గానీ, నా వాళ్ళు గానీ ఇక నోరెత్తం. రేణుకమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది, ఆమె రెండో సాక్షిగా సంతకం పెడుతుంది. పిల్లికి వచ్చిన ఊలు సంగతి అప్పుడు చూసుకుంటాం.

సంతకం పెడితే, ఇందులో రాసిందంతా నిజమని ఒప్పుకున్నట్టు. అప్పుడు సంచి సరితకు పోతుంది. సక్కుబాయికి నా ఆస్తిలో ఒక పిన్నీసు కూడా రాదు. నా పక్కన కూర్చునే చోటు తప్ప ఏమీ రాదు.

సంచి కావాలో, అక్క కావాలో అదే తేల్చుకోవాలి. నాకు సంచి ముఖ్యం కాదు. రెండో సాక్షి ఎవరవుతారో అన్నదే ఇప్పుడు నా ప్రాణానికి పట్టుకుంది. వస్తుందని గట్టిగా చెప్పలేను. చిన్నప్పటి నుంచీ అది సిగ్గుపడితే దాక్కుంటుంది.

9. నేను పోయినప్పుడు నా మీద శాలువాలు కప్పవద్దు. నేను అల్లిన సగం దుప్పటి కప్పండి. అది బీరువా కింద అరలో ఉంది. కాళ్ళ దాకా రాదు, రాకపోతే పోనీయండి. రెండో సగం కోసం ఎవరూ బడంగ్‌పేట్ పోయి అడగరాదు.

పైన రాసినదంతా నేను చెప్పగా రాసినదే. చదివి వినిపించగా విన్నాను. ‘మోసం’ అన్న మాట ఉన్నచోటే ఉంది, చూసుకున్నాను. నా ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నాను.

మామిడిపల్లి, 20-11-2025

సంతకం: కొండమ్మ

దస్తావేజు రాసినవారు: శ్రావణ్‌కుమార్, శంషాబాద్

సాక్షులు:

1. గోపయ్య, మామిడిపల్లి. కీర్తిశేషులు అనంతయ్య స్నేహితుడు.

2. సక్కుబాయి, కీర్తిశేషులు చెన్నయ్య భార్య, బడంగ్‌పేట్.

రెండో సాక్షి తన సంతకం కింద స్వదస్తూరీతో రాసిన మాటలు, కొండమ్మ గారు కొట్టేయవద్దన్నందున, అట్లాగే ఉంచడమైనది:

సంచి అక్కది. లోపలున్న ప్రతి పుల్ల అక్కది. తాడు మీద మొదటి ముడి నా బిడ్డది, మర్చిపోలే. స్టేజీ మీద ఆ ముడి చేతికి తగిలినంక నోరు పెగల్లే, ఏదో ఒకటి అన్న. నా సగం దుప్పటి తెచ్చిన. దబ్బనం గూడ తెచ్చిన. అక్కా, నీ సగం తియ్యి.